వానలో ఇరుక్కున్న ఫుల్‌స్టాపులు

ఊరూరా తిరిగేవాడికి పుస్తకాలకంటే గోడలే ఎక్కువ చదువు చెబుతాయి. పుస్తకాన్ని మనం వెతుక్కుంటూ వెళ్ళాలి, గోడ తనంతట తనే ఎదురొస్తుంది. గది అద్దెకు ఇవ్వబడును, కుట్టుమిషను నేర్పబడును, కుక్క తప్పిపోయినది... ఇలాంటివి నేను చదివినన్ని మరొకరు చదివి ఉండరు. ఎందుకు చదువుతానంటే చెప్పలేను. కాళ్ళు ఊరుకోనట్టే కళ్ళూ ఊరుకోవు.

చాలా ఏళ్ళ కిందట ఒక బస్టాండు నుంచి నడుస్తూ ఒక కాగితం దగ్గర ఆగిపోయాను. ఎవరిదో నల్ల గొడుగు పోయిందని ప్రకటన. పోయిన చోటు, రోజు, తెచ్చిస్తే సంతోషిస్తామన్న మాట, అన్నీ మామూలే. కాని కాగితం మధ్యలో నిలువుగా ఒక ఖాళీ వదిలారు. ముడిచిన గొడుగు ఎంత సన్నగా ఉంటుందో అంతే సన్నటి ఖాళీ. అక్షరాలు దాన్ని తాకకుండా రెండు పక్కలా సర్దుకుని నిలబడ్డాయి. గొడుగు బొమ్మ వేసి ఉంటే చూసి వెళ్ళిపోయేవాణ్ణి. లేని గొడుగును అలా చూపించేసరికి చుట్టుపక్కల ఎక్కడైనా పడి ఉందేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఆ తర్వాత నవ్వుకుని, కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉన్న ప్రెస్సు చిరునామా పట్టుకుని బయల్దేరాను.

రెండు గదుల ప్రెస్సు. ముందు గదిలో గడులు గడులుగా ఉన్న అక్షరాల కేసులు, వెనక గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను. యజమాని పొట్టి మనిషి, కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే. వీధివాళ్ళు ఆయన్ని వంకరాయన అనేవారు. తిన్నగా వేయమన్న కరపత్రం తిన్నగా రాదని వాళ్ళ ఫిర్యాదు. దర్జీ కరపత్రానికి చుక్కల గీతలతో అంచు వేశాడు. ఆ చుక్కలు కాగితం మూల దగ్గర ఆగిపోతాయి, కుట్టు పూర్తికాకుండా వదిలేసినట్టు. దర్జీ గొడవకు వచ్చి, తన షాపులో తగిలించుకుని, మరో వంద అడిగి తీసుకెళ్ళాడు. బస్సుల వేళల పట్టికలో రద్దీ వేళల అంకెల్ని ఊపిరాడకుండా ఇరికించి, మధ్యాహ్నపు ఖాళీ బస్సుల్ని విడివిడిగా కూర్చోబెట్టాడు. ఆసుపత్రి బోర్డులో ప్రతి వరుసకీ అక్షరం కాస్త చిన్నదయ్యేది. చివరికి చేరేసరికి చదివేవాడి గొంతు దానంతటదే తగ్గిపోయేది. ఇదంతా ఎవరూ అడగలేదు. అడగనిది చేసి తిట్లు తినడం ఆయనకు మహా ఇష్టం.

అయితే నేను చెప్పబోయేది ఆయన గురించి కాదు, ఆయన మేనకోడలి గురించి.

ఆమె పద్దెనిమిదేళ్ళప్పుడు పరీక్ష తప్పింది. ఇంట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కోవడం దేనికి, మావయ్యకు అన్నం క్యారేజీ ఇచ్చి రమ్మని తల్లి పంపింది. ఆమె వెళ్ళేసరికి మావయ్య ఒక కేసును చేయి తగిలించి నేల మీద బోర్లించేశాడు. సీసపు అక్షరాలు చీమల పుట్ట పగిలినట్టు చెల్లాచెదురయ్యాయి.

"కూర్చో. ఏ అక్షరం ఏ గడిలోదో నీకు తెలిసేసరికి నీ పెళ్ళీడు దాటిపోతుంది," అన్నాడు మావయ్య.

"మరి నువ్వో?"

"నేను భోంచేస్తా. పారబోసిన అలసట నాకుంది."

ఆ సాయంత్రానికి సగం ఏరింది. మర్నాడు క్యారేజీ లేకపోయినా వచ్చింది. తర్వాత పెళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, కాని ముందు గదిలో కేసు ముందు ఆమె నిలబడే చోటు మాత్రం మారలేదు. అద్దంలోలా తిరగేసి ఉన్న అక్షరాల్ని, అదీ తలకిందులుగా, మనం పేపరు చదివినంత సులువుగా చదివేది. మొగుడు బస్సు డ్రైవరు. "మా ఆవిడ నా మొహం కూడా తలకిందులుగానే చూస్తుంది, అందుకే బాగుందంటుంది," అనేవాడు.

ఆ ప్రెస్సులో ఒక కట్టుబాటు ఉండేది. ముందు గదివాళ్ళు వెనక గదిలో చేయి పెట్టకూడదు, వెనక గదివాళ్ళు అక్షరాన్ని ముట్టుకోకూడదు. కూర్చేవాళ్ళు వేరు, తొక్కేవాళ్ళు వేరు. రెండు గదుల మధ్యా తిరిగే హక్కు మావయ్య ఒక్కడిదే. వెనక గదిలో మిషను తొక్కే ఆయన్ని అందరూ మిషను బాబాయ్ అనేవారు. అందువల్ల మేనకోడలికి కూర్చడంలో తెలియనిది లేదు, తొక్కడంలో తెలిసింది లేదు. తన చేత్తో కూర్చి బిగించిన అక్షరాల పలక వెనక గదిలోకి వెళ్ళి కాగితమై తిరిగొచ్చేది, అంతే.

మావయ్య పనుల్లో అన్నిటికంటే గొప్పది వాన కాగితం. ఏటా వానాకాలం మొదట్లో ఆ ఊరి లైబ్రరీ కోసం వేసేవాడు. అందులో ఉన్న మాట ఒక్కటే, అట్టడుగున: "వాన పడుతున్నా తెరిచే ఉంటాం." దాని పైనంతా వాన. కామాలు ఏటవాలుగా రాలే చినుకులు, ఫుల్‌స్టాపులు తుంపర, ఒత్తులు విరిగిన ధారలు, సున్నాలు నేల మీద లేచే బుడగలు. పైన చిక్కటి నలుపు, కిందికి వచ్చేకొద్దీ లేతగా, చివర్లో ఉందా లేదా అన్నంత పల్చగా. ఎదురుగా నిలబడితే ఒళ్ళు జలదరించేది. నేను చాలా దేశాల అచ్చుపనులు చూశాను, గాజు పెట్టెల్లో దాచినవి కూడా. అంత తడిగా ఉన్న పొడి కాగితాన్ని మాత్రం చూడలేదు.

ప్రతి ఏడూ అచ్చయ్యాక మావయ్య ఆ పలకను విప్పేసి ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేవాడు. మళ్ళీ ఏడు మళ్ళీ మొదటినుంచి. ఆఖరి ఏడు మాత్రం ఎవరి సాయమూ తీసుకోకుండా ఒక్కడే కూర్చాడు. అచ్చు పూర్తయ్యాక పలకకు దారం చుట్టి రాతిబల్ల మీద పెట్టి, తర్వాత విప్పుదామన్నాడు. ఆ తర్వాత అనేది రాలేదు, ఆయనే పోయాడు.

మేనకోడలు దాన్ని విప్పలేదు. ఆయన వేళ్ళు ఆఖరుసారి పేర్చింది కదా. రోజూ పొద్దున దుమ్ము తుడిచి మళ్ళీ గుడ్డ కప్పేది. ఇక్కడే వచ్చింది తమాషా. ప్రెస్సులోని ఫుల్‌స్టాపులు దాదాపు అన్నీ, కామాలు అన్నీ, ఒత్తుల్లో ముప్పాతిక భాగం ఆ వానలోనే ఉన్నాయి. మిగిలిన వాటితోనే ఆమె ఆరేళ్ళు నెట్టుకొచ్చింది. "విచ్చేయవలసినదిగా" అని రాసుకొచ్చినవాళ్ళ చేత "రండి" అనిపించి పంపించేది. నేను కాగితాల కట్ట మీద నా గురించి నాలుగు వాక్యాలు వేయించుకున్నాను (చిరునామా లేనివాడికి లెటర్‌హెడ్ ఎందుకని మీరు అడగవచ్చు, నేనూ అడుక్కున్నాను). నాలుగూ ఒకే వాక్యమై వచ్చాయి.

"ఇదేంటమ్మా, ఎక్కడా ఆగడానికి లేదు?"

"ఫుల్‌స్టాపులన్నీ వానలో ఉన్నాయి అన్నయ్యగారూ. మీరెలాగూ ఆగే మనిషి కాదుగా."

బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న మొగుడు అందుకున్నాడు. "మా బస్సుకి నయం, బ్రేకైనా ఉంది."

నవ్వాం. కాని ఆ నవ్వులో ఆమె లేదు. ఈ ఏడు వానాకాలంలో నేను వెళ్ళినప్పుడు దానికి కారణం ఆమే చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు రసీదు పుస్తకాల వరుసలు పేరుస్తూనే ఉన్నాయి.

"ఆరేళ్ళుగా ఇవే వేస్తున్నాను. చేతులు తప్పు చేయవు. తప్పు చేయాలని కూడా వాటికి అనిపించదు. ఒకటో తారీఖున సీసం కరిగించేవాణ్ణి రమ్మన్నాను. అక్షరాలన్నీ ఎత్తించేస్తా."

"మిషనో?"

"అది తర్వాత. ముందు ఇవి నా కళ్ళ ముందు నుంచి పోవాలి."

అప్పటికి ఒకటో తారీఖు మూడు వారాల దూరంలో ఉంది.

మర్నాడు లైబ్రరీ బాబు వచ్చాడు. కుర్రతనం ఇంకా పోని మనిషి, చంకలో ఒక కాగితపు చుట్ట. లైబ్రరీకి మరమ్మతులు చేశారు, కొత్తగా తెరుస్తున్నారు. గోడ మీది వాన కాగితం, అదే మావయ్య ఆఖరుది, పైకప్పు కారి కింద సగం తడిసి ఉబ్బిపోయింది.

"అచ్చం ఇలాంటిదే కావాలక్కయ్యా. ఒక్క చుక్క తేడా రాకూడదు."

"తేడా ఎందుకొస్తుంది బాబూ? ఆ పలకే ఉంది. కట్టు కూడా విప్పలేదు," అంది ఆమె.

మావయ్య పోగానే మిషను బాబాయ్ కూడా కళ్ళకు పొరలు కమ్మి, ఆమెకు నాలుగు రోజులు తొక్కడం నేర్పి మానేశాక వెనక గది పని కూడా ఆమె మీదే పడింది. తొక్కడం బాగానే నేర్చుకుంది. పలకను జాగ్రత్తగా మిషనుకు ఎక్కించి సిరా పట్టించి ఒక కాగితం తీసింది. ఒక్క కామా పక్కకు ఒరగలేదు, ఒక్క చుక్క చెదరలేదు. వాన మాత్రం పడలేదు. పై నుంచి కింది దాకా అంతా ఒకే నలుపు. సిరా తగ్గించింది, పెంచింది, నూనె కలిపింది, కాగితం మార్చింది. సాయంత్రానికి నలభై కాగితాలు పాడయ్యాయి.

మొగుడు డ్యూటీ దిగి వచ్చి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "వానా ఇది? మిరియాలు ఆరబోసినట్టుంది."

ఆమె నవ్వలేదు. "ఒకటో తారీఖు లోపల ఈ కాగితం మీద వాన పడాలి. పడకపోతే వాడు ఎలాగూ వస్తాడు, పట్టుకుపోతాడు. పడితే..." అని ఆగింది.

"పడితే?" అన్నాను.

"పడనివ్వండి ముందు."

అయిదారు రోజుల తర్వాత సంగతి తెలిసి మిషను బాబాయ్ వచ్చాడు. రెండు వీధుల అవతలే ఇల్లు, అయినా ఆరేళ్ళలో గుమ్మం తొక్కలేదు. ఆయన కాగితాన్ని చూడలేదు, చూసే కళ్ళూ లేవు. తిరగేసి వీపు మీద అరచేత్తో నిమిరాడు.

"ఎంత నున్నగా తీశావమ్మాయ్! దిండు గలీబులా ఉంది."

"నున్నగా రావాలనే కదా బాబాయ్ నువ్వు నేర్పింది."

"రసీదు పుస్తకాలకమ్మా అది. వానకి కాదు. మరి అట్టలేం చేశావు?"

"ఏ అట్టలు?"

"బీరువా మీద ఉండేవి. కాగితం ముక్కలు అతికించినవి, ఏడాదికొకటి."

ఆమె అక్కడే ఉన్న కాగితాల కట్ట మీద కూలబడిపోయింది.

ఇది ఆ పని చేసేవాళ్ళకే అర్థమయ్యే తప్పు, కాస్త విడమరచి చెబుతాను. మిషనులో అచ్చుకాగితం వెనక నాలుగైదు కాగితాల మెత్త ఉంటుంది. అరిగిన అక్షరం సరిగా పడకపోతే ఆ మెత్త మీద సరిగ్గా ఆ చోట పల్చటి కాగితం ముక్క అతికిస్తారు. అక్కడ ఒత్తిడి పెరిగి అక్షరం మిగతావాటితో సమంగా పడుతుంది. ఎగుడుదిగుళ్ళు లేకుండా చేయడానికే ఆ అతుకులు. ఒక పని ముగియగానే ఆ మెత్త తీసి పారేసి కొత్తది వేయాలి, శుభ్రమైన ప్రెస్సుకు అదే గుర్తు. మావయ్య ఆ పద్ధతినే తిరగేశాడు. సమం చేయడానికి పుట్టిన అతుకులతో సమాన్ని చెడగొట్టాడు. పైన ఏడెనిమిది పొరలు, కిందికి వచ్చేకొద్దీ ఒకటీ అరా, చివర్లో మెత్తనే గీకేసి పల్చన చేసేవాడు. కత్తిరించకుండా చేత్తో చింపేవాడు, అంచు తెలియకూడదని. వాన అంతా అక్షరాల వెనక ఉండేది.

వెనక గదిలో అడుగుపెట్టిన మొదటివారంలోనే ఆమె మంచి పనిమంతురాలు చేయవలసిన పని చేసింది. బీరువా మీది మురికి అట్టలన్నీ పారేసింది.

బాబాయ్ కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. తర్వాత కిసుక్కున నవ్వాడు. "నేనున్నా అదే చేసేవాణ్ణిలే. ఆయన బతికున్నప్పుడు రెండుసార్లు పారేశాను. రెండుసార్లూ చెత్తలోంచి ఏరుకొచ్చుకున్నాడు, నన్ను తిట్టుకుంటూ."

ఆ రాత్రి ఆమె ఏమనుకుందో నాకు తెలియదు. పొద్దున నేను వెళ్ళేసరికి లైబ్రరీ బాబు తెచ్చిన పాత కాగితాన్ని తూర్పు కిటికీ దగ్గర బోర్లా పరిచి ఉంచింది. ఎండ ఏటవాలుగా పడుతోంది. కాగితం వీపు మీద చిన్న చిన్న గుట్టలు, పల్లాలు. ఒత్తిడి ఎక్కువ పడ్డ చోట కామా మొన వెనక్కి పొడుచుకుని వచ్చింది, తక్కువ పడ్డ చోట మచ్చే లేదు. ఆమె ముక్కు కాగితానికి ఆనేంత వంగి, వేలితో తడిమి, పెన్సిలుతో గీతలు గీస్తోంది. అచ్చయిన కాగితాన్ని వెనక నుంచి చదివే మనిషిని నేను చూడడం అదే మొదలు.

"అన్నయ్యగారూ, చూశారా? అన్నిటికంటే నల్లగా ఉన్నది పైన కాదు. పై నుంచి జానెడు కింద. పైన కొంచెం వెలుతురు వదిలాడు, మబ్బు చిరిగినట్టు. ఇన్నేళ్ళు ఎదురుగా చూశాను, ఒక్కసారీ కనపడలేదు."

మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. క్యారేజీ పక్కన పెట్టి నేల మీద అక్షరాలు ఏరిన పిల్ల గొంతు అలాగే ఉండేదేమో.

అయిదు రోజులు అతికించింది. ముక్క చింపడం, జిగురు రాయడం, ఒక కాగితం తీసి చూడడం, మళ్ళీ పీకడం. మొగుడు భోజనం తెచ్చి పక్కన పెట్టి, "జిగురు ఇటుంది, పెరుగు అటుంది, కలపకు," అని చెప్పి పోయేవాడు. ఆరోనాటికి కాగితం పై సగంలో వాన పడింది. నిజంగా పడింది. నేను అసంకల్పితంగా కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

కింద సగం మాత్రం మిరియాలే. పాత కాగితం అక్కడే తడిసింది, వీపు మీది గుట్టలన్నీ ఉబ్బి చదునైపోయాయి. చదవడానికి ఏమీ మిగల్లేదు. మావయ్య ఇలా చేసి ఉంటాడు, కాదు అలా చేసి ఉంటాడు అని ఊహిస్తూ నాలుగు రోజులు అతికించింది. కొత్త చొక్కాకు పాత మాసిక వేసినట్టు అతుకు కనిపిస్తూనే ఉంది.

"కింద ఎలా ఉండేది బాబాయ్, కాస్త గుర్తు చేసుకోవూ?"

"గుర్తుంటే మాత్రం ఏ ఏడుది చెప్పను? ఏడాదికొక రకం. కిటికీ దగ్గర నిలబడేవాడు. బయట ఎలా పడుతోందో చూసేవాడు, వచ్చి అతికించేవాడు. అంతకుమించి రహస్యం లేదమ్మాయ్."

బయట వాన పడుతోంది. ఆరు వానాకాలాలుగా పడుతూనే ఉంది. కాగితాలు తడుస్తాయని ఆమె చినుకు పడగానే వెనక కిటికీ మూసేసేది. ఆ రోజు తీసింది. తీసి అలాగే నిలబడిపోయింది. బాబాయ్ టీ తాగడం ముగించి, ఇంకొకటి అడిగి, అది కూడా తాగాడు.

ఆ కిటికీ ఎదురుగా మూరెడు సందు, అవతల ఇంటి రేకుల కప్పు. వాన ఆకాశం నుంచి పడడం అక్కడ కనపడదు. రేకుల మీంచి ధారగా దూకి, గచ్చు మీద పగిలి, గోడ పొడుగునా తిరిగి పైకి లేస్తుంది. ఆ సందులో వానకు కిందే నలుపు, పైనే తెలుపు.

ఆమె వెనక్కి తిరిగి రాతిబల్ల దగ్గరికి వెళ్ళి, మిషను నుంచి దించి పెట్టిన పలక దారం చివర వెతకడం మొదలుపెట్టింది.

చప్పుడు విని బాబాయ్ ఉలిక్కిపడ్డాడు. "ఏం చేస్తున్నావ్? ఆయన కూర్చిన ఆఖరిదమ్మా అది!"

"ఆయనైతే ఈపాటికి ఆరుసార్లు విప్పేవాడు బాబాయ్."

దారం వదులవగానే పలక ఒక పక్కకు జారింది. గుప్పెడు గుప్పెడుగా తీసి ఏ కామాను ఆ గడిలో, ఏ చుక్కను ఆ గడిలో వేసింది. ముందు గదంతా చిటచిట చప్పుడు. ఒకటో తారీఖుకు ఇంకా మూడు రోజులు. కళ్ళు కనపడని బాబాయ్ కట్టుబాటు తప్పి ముందు గదిలోకి వచ్చి, ఒత్తుల్ని వేళ్ళతో తడిమి వేరుచేసి ఇచ్చాడు. ఆయనకు అక్షరాన్ని ముట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి. "ఇంత చల్లగా ఉంటాయా ఇవి?" అన్నాడు.

తన వానను తనే కూర్చుకుంది. కామాల్ని బోర్లించి నిలబెట్టింది, అవి పైకి ఎగిరే తుంపర అయ్యాయి. అడుగున ఒత్తులు ఒకదాని మీద ఒకటి పడి పగిలే నీళ్ళు. లైబ్రరీ మాటను అడుగు నుంచి తీసి కాగితం నడుమకు తెచ్చి, దాని చుట్టూ ఒక మనిషి నిలబడవచ్చనిపించేంత పొడి చోటు వదిలింది. నాలుగు వైపులా వాన, నడుమ తడవని వాకిలి. అతుకులు ఈసారి కింద పది పొరలు, పైన ఒక్కటీ లేదు.

నెలాఖరు మధ్యాహ్నం కాగితం తీసింది. బాబాయ్ వీపు నిమిరి చూసి, "ఇదేంటమ్మాయ్, కింద నుంచి కురుస్తోంది?" అన్నాడు. మొగుడు యూనిఫాం మార్చుకోకుండానే వచ్చి కాగితం ముందు నిలబడ్డాడు. జోకేదో వేస్తాడనుకున్నాం, వేయలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, అంతే.

లైబ్రరీ బాబు మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అచ్చం అలాంటిదే అన్నాను కదక్కయ్యా."

"అన్నావు. అలాంటిది నాకు రాదు. ఇది వచ్చింది. వద్దంటే నా దగ్గరే ఉంచుకుంటాను, ఏమీ అనుకోను."

అతను పోదామని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడి నుంచి దూరంగా మరోసారి చూశాడు. నడుమ ఉన్న ఆ పొడి చోటు అక్కడి నుంచే బాగా కనపడుతుంది. మెల్లగా వెనక్కి వచ్చాడు. "పాతది గోడకి తగిలించాం. దీన్ని తలుపుకి పెట్టాలి. ఎన్ని తీయగలరు?"

ఒకటో తారీఖున సీసం బండి గుమ్మంలో ఆగేసరికి ఆమె మిషను మీదే ఉంది, తల కూడా ఎత్తలేదు. మొగుడు బయటికి వెళ్ళి, "ట్రిప్పు క్యాన్సిలయ్యా. మళ్ళీ ఎప్పుడని అడక్కు, లోపలున్న ఆ డిపో మేనేజరు నాకే చెప్పదు," అని సాగనంపాడు.

పది రోజుల తర్వాత ఊరు వదిలే ముందు ప్రెస్సుకు వెళ్ళాను. ఆ వాన కాగితం ఒకటి అడగాలని.

"అయిపోయాయి అన్నయ్యగారూ."

"నాకోసం ఒక్కటి తొక్కకూడదా తల్లీ? పలక ఉందిగా."

"విప్పేశాను. చుక్కలన్నీ వీటికి కావలసొచ్చాయి."

అక్షరాలు పేర్చుకునే చేతి స్టిక్కులో చెప్పులు కుట్టేవాడి కరపత్రం సగం అయింది. ఒక వరుసను వెంట్రుకవాసి కుడికి జరిపి చూసింది. నచ్చలేదు. ఎడమకు జరిపింది. తల పక్కకు వాల్చి మళ్ళీ చూసి, ఆ వరుసంతా తీసేసి ఇంకో రకంగా మొదలుపెట్టింది. వెళ్ళొస్తానమ్మా అన్నాను. వినపడలేదు. నేనూ రెండోసారి అనలేదు.